ఏడు బొట్ల మందు

దూది తెల్లగానే ఉందని ముగ్గురు చెప్పినా మదీనా బీ ఒప్పుకోలేదు.

మంచం మీద నుంచే చెయ్యి చాచి, కొడుకు తెచ్చి చూపించిన దూదిని వేళ్ల మధ్య నలిపింది. వాసన చూసింది. కిటికీ వెలుతురు కేసి ఎత్తి చూసింది. ఇబ్రహీంపట్నంలో ఎవరింట పరుపు కుట్టాలన్నా, చలికాలానికి బొంత నింపాలన్నా, దూది మంచిదో చెత్తదో నలభై ఏళ్లుగా తేల్చి చెప్పింది ఆ వేళ్లే, ఆ కళ్లే. అలాంటి మనిషి ఇప్పుడు మొన్నటి సంతలో ఏరి తెచ్చిన కొత్త దూదిని పట్టుకుని, పసుపు నీళ్లలో ముంచిన దూదిని ఎవడమ్మాడురా నీకు అని కొడుకును నిలదీస్తోంది.

"మొన్న నువ్వే చూసి మంచిగున్నదన్నవ్ గదమ్మా," అన్నాడు ఫక్రుద్దీన్.

మొన్న తెల్లగా ఉంది, ఇవ్వాళ పచ్చగా ఉంది, నేనేం చెయ్యను అంది ఆవిడ. గోడ కూడా పచ్చగానే ఉందట. కోడలు మాసూమా కట్టుకున్న తెల్లచీర పచ్చగా ఉందట. ఇంకేదో చెప్పబోయి, గోడవైపు తిరిగి, ఒంటిని మెలిపెట్టి వాంతి చేసుకుంది. కడుపులో ఏముందని, పసరులాంటి నీళ్లు తప్ప! పొద్దున్నుంచి ఇది మూడోసారి.

మాసూమా తడిగుడ్డ తెచ్చి అత్త మూతి తుడిచింది.  రంజాన్ నెల పంతొమ్మిదో రోజా, ఒక్కపొద్దుతో ఆమెకు నోట్లో ఉమ్మి కూడా లేదు. 

"ఇవి కామెర్లే," అని తీర్పు చెప్పింది జైతున్ బీ.

జైతున్ బీ ఈ ఇంటి ఆడబిడ్డ, ఫక్రుద్దీన్‌కు అక్క. తుర్కయాంజాల్ నుంచి తల్లిని చూడ్డానికని వచ్చి నాలుగు రోజులైంది. ఆమె ఒక మాట అన్నదంటే అది అయిపోయినట్టే. ఎదుటివాడు నోరు తెరిచేలోపు ఆమె రెండో మాట మీద ఉంటుంది. అబ్దుల్లాపూర్‌మెట్‌లో కామెర్లకు పసరు పోసేవాడున్నాడని, ముక్కులో రెండు చుక్కలు, కడుపులోకి ఒక గిన్నె పోస్తాడని, రెండు రోజులు విరేచనాలు పట్టి ఒంట్లో ఉన్న పచ్చదనమంతా కొట్టుకుపోతుందని, తన మరిదికి అలాగే తగ్గిందని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. బండి ఎల్లయ్యకు కబురు కూడా పంపేసిందట. పొద్దుగూకి, ఒక్కపొద్దు విడవగానే అమ్మను ఎక్కించడమే.

మాసూమా అత్త కనురెప్పను వేలితో కిందికి లాగి చూసింది. లోపల తెల్లగానే ఉంది.

"కండ్లు తెల్లగనే ఉన్నయ్ వదినా. కామెర్లయితే కండ్లు పచ్చబడ్తయ్ గద."

"నువ్వెప్పటిసంది హకీమువైనవ్?" అంది జైతున్ బీ.

మాసూమా హకీము కాదు. కానీ ఆర్నెల్లుగా ఈ ఇంట్లో మందు సీసా ఆమె చేతిలోనే ఉంది. ఎండాకాలంలో మదీనా బీకి గుండె దడ మొదలై, కాళ్లు ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే రోజుల్లో, పట్నం తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించారు. గుండె లెక్క తప్పి కొట్టుకుంటోందని ఆయన చెప్పాడు. నాలుగు దెబ్బలు తొందరగా, ఒకటి ఆలస్యంగా, ఒకటి అసలే లేకుండా. మదీనా బీ అయితే ఆ మాట ఇంకా బాగా చెప్పింది. కొత్తగా పని నేర్చుకునేవాడు దూది ఏకుతుంటే విల్లు మోగినట్టు ఉందిరా నా గుండె, అంది.

దానికి డాక్టరు ఇచ్చింది బొట్ల మందు. చల్లని దేశాల కొండల్లో పెరిగే ఒక చెట్టు ఆకు నుంచి తీస్తారట. డిజిటాలిస్ అంటారట. పూటకు ఏడు బొట్లు, రెండు చెంచాల నీళ్లలో, రోజుకు మూడు పూటలు. ఎనిమిదో బొట్టు పడకూడదు. గుండె నడకను సరిచేసేది ఆ ఆకే, ఎక్కువైతే నడకను ఆపేదీ ఆ ఆకే, జాగ్రత్త అన్నాడు. యుద్ధం వచ్చాక ఆ సీసా దొరకడమే గగనమైంది. ఇంట్లో ఎవరి చేతికిద్దామని చూస్తే, బొంత మీద వెయ్యి కుట్లు వేసినా ఒక్కటి లెక్క తప్పని మాసూమా చేతికే ఇచ్చారు.

ఇంకో మాట కూడా చెప్పాడు డాక్టరు. ఒక్కపొద్దులు ఉండకూడదు, పస్తులు అసలే కూడదు అని. మసీదు పేష్ ఇమామ్‌ను అడిగితే ఆయనా అదే అన్నాడు, రోగికి మాఫీ ఉంది అని. మదీనా బీ మూతి ముడుచుకుంది. తల్లి సంగతి తెలిసిన ఫక్రుద్దీన్ రంజాన్ నెల చంద్రుడు కనిపించిన సాయంత్రమే ఆమె ఎదుట నిలబడి, నువ్వు ఒక్కటంటే ఒక్క ఒక్కపొద్దున్నట్టు తెలిసినా ఆ క్షణం నుంచి నేను ఈ నెలంతా ఒక్కటీ ఉండను, ఆ పాపం నీ మెడకే, అని తెగేసి చెప్పాడు. ఆ మాటతో ఆవిడ లొంగిపోయిందనే అందరూ అనుకున్నారు.

ఈ పొద్దున మందు కలిపే ముందు మాసూమా ఎప్పటిలాగే అత్త నాడి చూసింది. ఇంట్లో గడియారం ఎక్కడిది? నర్సు సుసన్న నేర్పిన ఉపాయం ఒకటుంది. ఎడమచేత్తో తన నాడి, కుడిచేత్తో అత్త నాడి పట్టుకోవాలి. అత్తది తనకంటే నెమ్మదించిందంటే మందు ఆపి కబురు చెయ్యాలి. ఇవ్వాళ తన నాడి రెండుసార్లు కొట్టుకుంటే అత్తది ఒక్కసారి కొట్టుకుంది. ఒక్కోసారి అదీ లేదు. మాసూమా సీసా మూత బిగించి, సుసన్నకు కబురు పంపింది. సుసన్న అప్పటికే నాదర్‌గుల్‌లో కాన్పుకు పోయిందని, వచ్చేసరికి సాయంత్రమవుతుందని తెలిసింది.

ఆ మందు ఆపిన సంగతే ఇప్పుడు జైతున్ బీ చేతికి దొరికింది. తమ్ముణ్ని వసారాలోకి పిలిచి, లోపలున్న మాసూమాకు వినపడేంత గొంతుతోనే మొదలుపెట్టింది.

"అమ్మ మంచంల పడ్డసంది మందు దాని చేతులనే ఉన్నది. ఇయ్యాళ పొద్దున్నుంచి ఇస్తలేదు. ఎందుకిస్తలేదో అడిగినవా తమ్మీ?"

మాసూమా బయటికి వచ్చింది. నాడి తగ్గింది కాబట్టి ఇవ్వలేదని చెప్పింది. తగ్గిందని ఎవరు చూశారంది జైతున్ బీ. నేనే చూశానంది మాసూమా. పొయ్యడం నువ్వే, ఆపడం నువ్వే, చూడ్డం నువ్వే, మధ్యలో మేమెందుకు అంది జైతున్ బీ. ఆ తర్వాత ఆర్నెల్ల కింద అత్తాకోడళ్ల మధ్య జరిగిన కుంపటి గొడవ దగ్గర్నుంచి, మామ బతికుండగా ఎప్పుడో కోడలు వడ్డించని కూర దాకా అన్నీ బయటికి తీసింది.

 ఫక్రుద్దీన్ గూట్లోంచి మందు సీసా తీసి వెలుతురుకు పట్టి చూశాడు. సీసా మీద మాసూమా మేకుతో గీతలు గీసింది, వారానికొక గీత. మందు ఉండాల్సిన గీత దగ్గరే ఉంది.

"గీతకే ఉన్నది. ఎక్కువ పొయ్యలే," అన్నాడు.

"ఎక్కువ పోసి అండ్ల నీళ్లు కలుపరాదా?"

మాసూమా మొగుడి ముఖం వైపు చూసింది. అతను కాదనలేదు. అవుననీ అనలేదు. సీసాను గూట్లో పెట్టేసి, గోడకు ఆనించిన దూదేకే విల్లు నారిని ఊరికే సవరిస్తూ నిలబడ్డాడు. ఆరేళ్ల కాపురంలో జైతున్ బీ తిట్లు మాసూమాకు కొత్త కాదు, ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేసేది. మొగుడి ఈ మౌనం మాత్రం ఒళ్లు మండించింది. ఏదో ఒకటి అనొచ్చుగా! తిట్టినా బాగుండేది.

ఇక అక్కడ నిలబడితే మాట జారుతుందని లోపలికి వెళ్లింది. అత్త పక్క తడిసిపోయింది, మార్చాలి. తలకింద చుట్టిపెట్టిన పాత బొంతను లాగితే అందులోంచి ఒక సీసా దొర్లి మంచం మీద పడింది.

పన్నీరు సీసా. రెండేళ్ల కింద మామ పోయినప్పుడు తెచ్చింది. ఇంట్లో మళ్లీ పన్నీరు వాడింది లేదు. మూత తీసి వాసన చూస్తే గులాబీ లేదు, ఏమీ లేదు. తను రోజూ మూడు పూటలా పీల్చే చేదు ఘాటు ఉంది. అడుగున గోధుమరంగు తడి మిగిలింది.

"ఆడ పెట్టు గది," అంది మదీనా బీ. కళ్లు మూసుకునే ఉంది, కానీ చెయ్యి మాత్రం చాచింది.

మాసూమా ఇవ్వలేదు. మంచం పక్కన కూలబడింది. ఒక్కొక్కటే గుర్తుకొస్తున్నాయి. ఇల్లంతా ఒక్కపొద్దుంటే రోగిష్టి మనిషి ఎదుట కూర్చుని ఎవరు తినిపిస్తారు? పొద్దున గిన్నె, మధ్యాహ్నం పళ్లెం, మందు కలిపిన చిన్న గిన్నె అక్కడ పెట్టి తను వెళ్లిపోయేది. పెట్టి పో బిడ్డా తాగుత, అనేది అత్త. తిరిగొచ్చేసరికి అన్నీ ఖాళీ. అత్త బాగా తింటోందని తను సంబరపడింది కూడాను. కిటికీ కింద మేక మాత్రం నెలవంక కనిపించిన మర్నాటి నుంచి అక్కణ్నుంచి కదిలితే ఒట్టు, ఆ తిండంతా దానికే పోయిందన్నమాట. తోడుకోసమని తెల్లవారుజామున సహరి తిండికి అందరితో పాటు లేచి కూర్చునేది అత్త. దానికీ ఎవరూ ఏమీ అనుకోలేదు.

"ఒక్కపొద్దుంటున్నవా అత్తా?"

"మెల్లగ మాట్లాడు."

"అన్ని దినాలా?"

మదీనా బీ కళ్లు తెరిచింది. నేరం చేసి దొరికిపోయిన మనిషిలా లేదు, బాగా అలిసిపోయి ఉంది.

"తగ్గినంక కజా చేస్కొమ్మన్నడు పేష్ ఇమాం. తప్పిపోయినయి తర్వాత తీర్సుకొమ్మని. నాకు తర్వాత ఏడిది బిడ్డా? వచ్చే రంజాన్‌కు నేనుంటనా? ఒక్కపొద్దు పోతే మల్ల రాదు. మందుదేమున్నది, మందు ఎప్పుడన్న తాగొచ్చు."

పొద్దుటి బొట్లు, మధ్యాహ్నం బొట్లు ఆ సీసాలో పోసి దాచిందట. పొద్దుగూకినాక ఇచ్చే ఏడు బొట్లు మాత్రం తాగేదట. పారబొయ్యడానికి మనసొప్పలేదు. అంత దూరం నుంచి వచ్చిన మందు, కొడుకు పట్నంలో నాలుగు దుకాణాలు తిరిగి తెచ్చిన మందు. ఎన్ని రోజులో చెప్పలేదు కానీ, అలా కొన్నాళ్లు గడిచాయి. ఒకనాడు గుండె మళ్లీ వెనకటిలా గందరగోళంగా కొట్టుకునేసరికి ఆవిడకు భయమేసింది. తాగని బొట్ల వల్లే ఇలా అయిందని అర్థమైంది. అయితే ఏం చెయ్యాలి? తప్పిన నమాజులు ఒక్కసారే కూర్చుని కజా చదువుకోవడం లేదూ? బొట్లూ అంతే కదా అనుకుంది. అప్పట్నుంచి సాయంత్రం పూట ఆ రోజువి మూడు పూటలవీ కలిపి, వాటి మీద సీసాలోవి కొన్ని కొన్ని తాగుతూ వచ్చింది. నిన్నటితో సీసా అడుగంటింది.

మాసూమాకు ఒక్కసారిగా నవ్వొచ్చినట్టయింది, ఆ వెంటనే ఏడుపు తన్నుకొచ్చింది. నమాజుకూ మందుకూ ఒకటే లెక్క వేసింది ఈ మహాతల్లి!

"మొత్తం ఎన్ని పూటలవి తాగినవ్ అత్తా?"

"నాకేం యాదికున్నది."

"యాదికున్నది నీకు. దూది తూకం పదేండ్ల కిందటిది గూడ చెప్తవ్ నువ్వు."

 మదీనా బీ కోడలి చెయ్యి పట్టుకుని లాగి తన నెత్తిమీద పెట్టుకుంది. "ఫక్రుకు చెప్పకు. వాడు అన్నంత పని చేస్తడు, ఒక్కపొద్దులు ఇడిచిపెడ్తడు. వాడు ఇడిస్తే నేనున్నయన్ని మట్టిలనే పోసినట్టు. నా మీద ఒట్టు, చెప్పకు."

మాసూమా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒట్టు వేయలేదు, వేయనని అనలేదు. పన్నీరు సీసాను కొంగులో ముడివేసుకుంది.

సుసన్న వచ్చేసరికి ఎండ గోడెక్కింది. పొద్దుగూకడానికి ఇంకా కాసేపుంది. మిషన్ దవాఖానలో పని నేర్చుకున్న మనిషి, ఈ ఊళ్లో సగం మందిని భూమ్మీదికి లాగింది ఆమె చేతులే. మోకాళ్లదాకా బురద, ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో విరిగిన గొడుగు. కాళ్లు కడుక్కోమన్నా ఆగకుండా నేరుగా మంచం దగ్గరికి వెళ్లింది. సంచిలోంచి గడియారం తీసి, మదీనా బీ మణికట్టు పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది. ఒకసారి చూసి చాలదన్నట్టు మళ్లీ చూసింది. పక్కనున్న దూది చూపించి, ఏ రంగులో ఉందని అడిగింది. పచ్చగా, అంది మదీనా బీ విసుగ్గా.

సుసన్న అందర్నీ వసారాలోకి పిలిచింది. ఇవి కామెర్లు కావంది. నాడి నలభై రెండు, అదీ మధ్యమధ్య ఆగుతోంది. పచ్చగా కనిపించడం, వాంతులు, అంతా బొట్ల మందు ఒంట్లో ఎక్కువైన గుర్తులే. ఈ స్థితిలో విరేచనాల పసరు పోస్తే ఒంట్లో నీళ్లు పోయి, ఆ గుండె అక్కడే ఆగుతుందని చెప్పింది. దీనికి విరుగుడు మందంటూ లేదట. ఎక్కువైంది కొద్దిగానే అయితే, మందు ఆపి, కదలకుండా పడుకోబెట్టి, ఉప్పేసిన గంజి తాగిస్తూ కనిపెట్టుకుని ఉంటే నాలుగు రోజుల్లో దిగుతుంది. మరీ ఎక్కువైతే మాత్రం ఇప్పుడే పట్నం దవాఖానకు చేర్చాలి. కానీ ఇరవై మైళ్ల కుదుపు కూడా ఆ గుండెకు మంచిది కాదు. ఉత్తపుణ్యానికి ఆ కుదుపు పెట్టలేను, అవసరమై ఉండి ఇక్కడ ఉంచనూ లేను, అంది.

"ఎంత పోయిందో తెల్వాలె. అది తెల్వకుంట నేను ఎటూ చెప్ప," అంది సుసన్న.

"విన్నవా తమ్మీ. ఎక్కువ పోసిందట," అంది జైతున్ బీ. ఈసారి ఆమె గొంతు పెద్దది చెయ్యలేదు. నిజంగానే భయపడింది.

ఫక్రుద్దీన్ పెళ్లాం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఎన్ని బొట్లు పోసినవ్?"

"ఏడు."

"నిజం చెప్పు."

 ఏడే, అంది మాసూమా మళ్లీ. సుసన్న కూడా దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యి వేసి, లెక్క తప్పి ఉంటే చెప్పు బిడ్డా, ఎవరికైనా తప్పుతుంది, నేను తిట్టను, అంది. జైతున్ బీ తిట్ల కంటే ఆ మంచితనమే మాసూమాను ఎక్కువ బాధపెట్టింది. తెల్లారి బండి కట్టి దీన్ని పుట్టింటికి తోలెయ్యి తమ్మీ, అంటోంది జైతున్ బీ. ఫక్రుద్దీన్ కాదనడం లేదు.

తలుపు సందులోంచి మంచం కనిపిస్తోంది. మదీనా బీ ఇటే చూస్తోంది. చెప్పకు అని ఆ కళ్లు బతిమాలుతున్నాయి. చెప్పకపోతే రేపు ఆ కళ్లు ఉంటాయో ఉండవో. పుట్టింటికి పంపితే పంపనీ, ఈ మనిషి బతికితే చాలనుకుంది మాసూమా. కొంగు ముడి విప్పింది.

"అత్త ఒక్కపొద్దులుంటున్నది. పొద్దటి మందు, పగటి మందు ఇండ్ల దాసిపెట్టి, అన్ని కలిపి పొద్దుమీకి తాగింది. ఎన్ని పూటలవో నాకు చెప్తలేదు. మీరడుగుండ్రి."

 ఫక్రుద్దీన్ ముఖం పాలిపోయింది. లోపలికి నడిచాడు. అందరూ అతని వెనకే వెళ్లారు.

"ఒక్కపొద్దున్నవా అమ్మా?"

మదీనా బీ కొడుకును చూసింది. కోడలి చేతిలో సీసాను చూసింది.

"లేను," అంది. "నాకేం తెల్వది. అది ఎందుకంటున్నదో దాన్నే అడుగు."

 అత్తా, అంది మాసూమా.  జైతున్ బీ ఆ పన్నీరు సీసాను లాక్కుని వాసన చూసింది. మందు దాచింది నువ్వు, దొరికేసరికి మంచంలో ఉన్న మనిషి మీదికి తోస్తున్నావా అంది. అనడమే కాదు, విసవిసా వెళ్లి కుండలోంచి గ్లాసుతో నీళ్లు ముంచుకొచ్చింది.

"తాగమ్మా. జర తాగు. ఒక్కపొద్దున్నవో లేవో అందరికి తెలుస్తది, దీని నోరు మూతపడ్తది."

"వద్దు వదినా, ఆమెకియ్యకు," అంది మాసూమా. గబుక్కున గ్లాసుకు చెయ్యి అడ్డం పెట్టబోయింది. జైతున్ బీ మోచేత్తో నెట్టేసింది. చూడు తమ్మీ, ఎట్లా భయపడుతుందో చూడు, అంది.

ఫక్రుద్దీన్ చూస్తూనే ఉన్నాడు. సుసన్న మంచం పట్టెమీద కూర్చుని మదీనా బీ ఎడమచెయ్యి పట్టుకుంది. నాడి వదల్లేదు.

మదీనా బీ గ్లాసు అందుకుంది. పెదాల దగ్గర పెట్టుకుని ఆగింది. బయట ఇంకా వెలుతురుంది. ఇంకాసేపు ఓపిక పడితే ఒక్కపొద్దు విడిచే అజాన్ వినిపించేది. ఆ కాసేపు ఆమెకు ఎవరిస్తారు? కళ్లు మూసుకుని గడగడా తాగేసింది. ఒక్క గుక్క కూడా మిగల్చలేదు.

"ఇగో," అంది జైతున్ బీ, మాసూమా వైపు తిరిగి.

కానీ ఫక్రుద్దీన్ ఇంకా తల్లినే చూస్తున్నాడు. మదీనా బీ గ్లాసు ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. శబ్దం లేదు, నీళ్లు మాత్రం చెంపల మీంచి జారి గడ్డం దగ్గర చుక్కలు కడుతున్నాయి. మొగుడు పోయిన నాడు కూడా పదిమంది ముందు ఏడవని మనిషి. అతను మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఇది ఎన్నోది అమ్మా?"



"పంతొమ్మిదోది," అంది మదీనా బీ.

 జైతున్ బీ తన చేత్తో ఇచ్చిన ఖాళీ గ్లాసు వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది. ఫక్రుద్దీన్ మాసూమా వైపు తల తిప్పాడు. ఆమె అతన్ని చూడలేదు. చూడదల్చుకోలేదు.

అప్పుడు వినిపించింది మసీదు నుంచి అజాన్.

వసారాలో చాప మీద ఖర్జూరాలు, నీళ్లు పెట్టి ఉన్నాయి. ఎవరూ అటు పోలేదు. సుసన్నకు మాత్రం ఆగేంత తీరిక లేదు. మదీనక్కా, ఇప్పుడన్న చెప్పు, ఎన్ని పూటలవి తాగినవ్, అని అడిగింది. రెండోసారి అడిగింది. నాడి ఇందాకటి కన్నా తగ్గుతోందని కూడా చెప్పింది.

"చెప్త," అంది మదీనా బీ. "ముందుగాల వాణ్ని ఖర్జూరం తిని ఇయ్యాల్టి ఒక్కపొద్దు ఇడువమను. మిగిలిన పదకొండు గూడ ఉంటనని నాకు మాటియ్యమను. అప్పుడు చెప్త."

"అమ్మా, గిదేనా యాళ్ల?"

"నాకు వేరే యాళ్ల లేదు బిడ్డా."

మాసూమా వసారాలోకి వెళ్లి ఒక ఖర్జూరం తెచ్చి మొగుడి అరచేతిలో పెట్టింది.  అతను దాన్ని నోట్లో వేసుకున్నాడు. మింగలేకపోయాడు, అయినా మింగాడు. ఉంటా అమ్మా, అన్నీ ఉంటా, అన్నాడు.

మదీనా బీ తలాడించింది. దాచినవన్నీ తాగేశాను, ఒక్కో వేలి కణుపు ఒక్కో పూటది, చూసుకో అని సుసన్నకు చెప్పి, కుడిచెయ్యి ఎత్తి తస్బీహ్ జపం లెక్కపెట్టుకున్నట్టు బొటనవేలితో కణుపులు తాకుతూ మొదలుపెట్టింది. చిటికెన వేలు మూడు. ఉంగరం వేలు మూడు. మధ్యవేలు, చూపుడువేలు. ఆమె ఎక్కడా తడుముకోవడం లేదు. ఇంక చాలు అక్కా, అంది సుసన్న, అయినా మదీనా బీ ఆగలేదు. బయట ఎల్లయ్య బండి వచ్చి ఆగింది. ఎటు పోవాలమ్మా అని అరుస్తున్నాడు. 

బొటనవేలి కణుపులు కూడా అయిపోయాయి. మదీనా బీ సుసన్న పట్టుకున్న ఎడమచేతిని మెల్లగా విడిపించుకుని, చిటికెన వేలు దగ్గర మళ్లీ మొదలుపెట్టింది.